నీలం రెక్క వంపు

మార్చి 3, మంగళవారం

ఈ రోజు నుంచి మా ఆయనతో మాటల్లేవు. ఇది కోపంలో తీసుకున్న నిర్ణయం కాదు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, కుర్చీలో కూర్చుని చల్లగా తీసుకున్న నిర్ణయం.

కారణం రాసి పెట్టుకోవాలి. లేకపోతే వారం తిరిగేసరికి నాకే జాలి పుట్టుకొస్తుంది.

హాలు గోడ నిండా ఉన్న నా బూమరాంగుల్లో నీలం పెద్దదీ కాదు, పాతదీ కాదు. కానీ మిగిలినవన్నీ నేను కొనుక్కున్నవి, అది నా కోసం చేసింది. లేత చెక్క పట్టీ, ముదురు చెక్క పట్టీ ఒకదాని పక్కన ఒకటి అతికించి, వంచి, నీలిరంగు లక్క పూసి, వేలు పెడితే జారిపోయేంత నునుపు చేసి ఇచ్చాడు బూమరాంగులు చెక్కే ఒక పెద్దాయన. దాని తర్వాత ఆయన ఇంకొకటి చెయ్యలేదు. చూపు తగ్గిపోయింది. అప్పటి నుంచి అది మా గోడ మీద, సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టిన రెండు మేకుల మీద, దర్జాగా కూర్చుని ఉంది. వారానికోసారి గడ్డం గీసుకునే బ్రష్షుతో దుమ్ము దులుపుతాను. ఎప్పుడూ విసరలేదు. కొత్త బట్టలు వేసుకుని కారు కింద దూరుతారా ఎవరైనా?

ఈ ఏడాది బూమరాంగులు సేకరించే మా సంఘం వాళ్ళ బుర్రను కొత్త పురుగు తొలిచింది. ప్రదర్శనలో బల్ల మీద పెట్టాలంటే ఎవరిది వాళ్ళు ముందు మైదానంలో విసిరి, అది వెనక్కి వస్తుందని చూపించాలట. రాకపోతే అది బూమరాంగ్ కాదట, కర్రట. ఇరవై రెండో తారీఖు ఆదివారం ముహూర్తం.

సరే అని వీడియోలు చూసి, పొద్దున్నే మైదానానికి వెళ్ళి నీలాన్ని విసిరాను. నాలుగు బారలు వెళ్ళి ముక్కు నేలకు కొట్టుకుంది. మళ్ళీ విసిరాను. మళ్ళీ అంతే. ఎన్నిసార్లు విసిరినా గడ్డిలో ముఖం దాచుకోవడమే. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయన పేపరు పక్కన పెట్టారు. ముఖం పాలిపోయింది.

"మొన్న నువ్వు మీ చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, దానికి ఫ్రేము కట్టి నీ పుట్టినరోజుకి ఇద్దామనుకున్నాను. తీసి చూస్తే ఒక కొస లేచి ఉంది. చెక్క వంకర తిరిగిందేమోనని షాపులో ఫ్రేము అద్దాల దొంతర కింద వారం పెట్టాను. చదునుగా వచ్చింది. కానీ ఫ్రేములో అందం రాలేదు, అందుకని మళ్ళీ గోడకే తగిలించేశాను."

ఫ్రేములు కట్టేవాడిని చేసుకుంటే ఇదీ గతి. నాలుగు మూలలు, చదునైన వీపు లేనిదేదీ ఆయనకు నచ్చదు.

"ఆ కొస లేచి ఉండేదే ఎగరడానికండీ. మీరు దాన్ని చంపేశారు" అన్నాను. అదే ఆఖరి మాట.

మార్చి 4, బుధవారం

మాట్లాడలేదు. ఆయన పెట్టిన టీ మాత్రం తాగాను. టీకీ దీనికీ సంబంధం లేదు.

మార్చి 6, శుక్రవారం

నేను డ్రైవింగ్ నేర్పే బ్యాంకు మేడమ్ ఈ రోజు క్లాసులో రెండుసార్లు కాలువలోకి దిగబోయింది. డ్రైవింగ్ నేర్పే కారులో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కాబట్టి ఇద్దరం బతికి ఉన్నాం. ఇంట్లో నా వైపు అలాంటి బ్రేకు లేకపోయింది.

ఇంటికొచ్చేసరికి గిన్నెలు కడిగేసి ఉన్నాయి. తీగ మీద బట్టలు తీసి, మడతపెట్టి, ఎవరివి వాళ్ళ అరలో సర్ది ఉన్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా దుప్పటా ఏ అరలో ఉంటుందో ఆయనకు తెలుసని నాకు తెలియదు.

నేను మాట్లాడకపోయినా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. గోడకు చెబుతున్నట్టు చెప్పారు.

"పోయిన వారం పెళ్ళి ఫోటోకి చుట్టూ పెట్టే మౌంటు అట్ట తప్పు కోశాను. అంతకు ముందు ఒక అద్దం. ఇప్పుడు నీ నీలం. నా చెయ్యి పోయిందే. పోయిందని నాకే ముందు తెలిసుండాల్సింది."

పక్క షాపు తాళాల ఆయన చాన్నాళ్ళుగా మా షాపు అడుగుతున్నాడు, గోడ కొట్టేసి తనది పెద్దది చేసుకోవాలని. ఈయన ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకునేవారు. ఈ రోజు నవ్వలేదట, ఆలోచిస్తానన్నారట.

నాకేం? షాపు ఆయనది, ఆలోచన ఆయనది.

మార్చి 8, ఆదివారం

మళ్ళీ మైదానానికి వెళ్ళాను, ఒకవేళ నీలానికి బుద్ధి వచ్చిందేమోనని. రాలేదు. నడకకు వచ్చే లావుపాటి ఆయన ఒకరు కాసేపు నిలబడి చూసి, "ఏం పోగొట్టుకున్నారండీ, వెతకమంటారా?" అని అడిగారు.

నా చేతిలో లోపం లేదు. స్టీరింగ్ మీద ఇన్నేళ్ళు నలిగిన చెయ్యి ఇది. మణికట్టు ఎలా తిప్పాలో, భుజం ఎక్కడ ఆపాలో వీడియోలో అబ్బాయి ఎలా చూపించాడో అచ్చం అలాగే చేశాను. లోపమంతా ఆ అద్దాల కింద పడుకున్న వారంలో ఉంది. ఈ విషయంలో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

మార్చి 9, సోమవారం

తాళాల ఆయనకు మాట ఇచ్చేశారట. ఇరవై ఒకటో తారీఖు శనివారం తాళం చెవులు చేతిలో పెడతారట. అన్నం తింటూ, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా చెప్పారు.

"చెయ్యి వణికే వాడు కట్టిన ఫ్రేము ఎవరింట్లో వేలాడినా నాకు నిద్ర పట్టదు" అన్నారు.

ఆయన చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మాట నోటి దాకా వచ్చింది. మాటల్లేవు కాబట్టి మింగేశాను.

మార్చి 11, బుధవారం

నీలాన్ని చేసిన పెద్దాయనకు ఫోన్ చేశాను. సిగ్గు విడిచి, మా ఆయన చేసిన ఘనకార్యమంతా చెప్పి, ఆ కొస మళ్ళీ లేచే ఉపాయం ఏమైనా ఉందా అని అడిగాను. ఆయన అంతా విని అడిగింది ఒక్కటే.

"ఏ చేత్తో విసిరావమ్మా?"

"కుడిచేత్తోనండీ. వీడియోలో అందరూ అలాగే కదా విసిరేది."

"నువ్వు మా ఇంటికొచ్చిన రోజు టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నావు. వెళ్ళేటప్పుడు తలుపు గడియ ఎడమచేత్తో తీశావు. అందుకని ఎడమచేతి వాటానికి చేశాను. కుడిచేత్తో విసిరితే అది నేలకు కొట్టుకోక ఏం చేస్తుంది? నీకు చెప్పాననుకున్నానే."

"చెప్పలేదండీ."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి విసిరి చూసినా తెలిసేదే."

నాకు దగ్గు వచ్చింది. నిజంగానే వచ్చింది.

నాకు ఎడమచేతి వాటమే. రాతొక్కటే చిన్నప్పుడు అమ్మ పట్టుబట్టి కుడిచేతికి మార్పించింది. కొత్త పని ఏది నేర్చుకోవాలన్నా అదే భయంతో ముందు కుడిచెయ్యి చాపుతాను. చూపు సరిగ్గా లేని మనిషి ఒక్క టీ గ్లాసుతో పట్టేసిన సంగతిని, నా సొంత చేతి సంగతిని, నేనే మర్చిపోయాను.

"మరి అద్దాల కింద నలిగింది కదండీ?" అని అడిగాను, ఇంకా ఒక ఆశ మిగుల్చుకుని. అది ఏ ఆశో ఇప్పుడు ఆలోచిస్తే బాగాలేదు.

"బల్ల మీద పెట్టి చూడు. లేచే కొస కింద వేలు దూరుతుందా?"

దూరింది. హాయిగా దూరింది.

"అయితే దానికేం కాలేదు. బరువు పెడితే పడుకుంటుంది, తీస్తే నాలుగు రోజుల్లో లేస్తుంది. అంత తేలిగ్గా చచ్చే చెక్క కాదమ్మా నేను వాడింది."

మార్చి 12, గురువారం

ఎడమచేత్తో విసిరాను.

ఎలా రాయాలో తెలియడం లేదు. చేతిలోంచి వెళ్ళిపోయింది, చెట్ల దాకా వెళ్ళింది, అక్కడ కుడివైపుకు తిరిగింది. బుర్రుమని చప్పుడు చేస్తూ ఎండలో ఒకసారి నీలంగా, ఒకసారి నల్లగా మెరుస్తూ నా మీదకే వచ్చేసింది. నేను భయపడి కూర్చుండిపోయాను. తల మీంచి పోయి వెనకాల గడ్డిలో మెత్తగా దిగింది. తర్వాత ఐదారుసార్లకు ధైర్యం వచ్చి, రెండు అరచేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు పట్టుకోవడం కూడా వచ్చేసింది. నడక ఆయన నిలబడి చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళుగా దాన్ని గోడకు కట్టి ఉంచింది నేనే.

ఆయనకు చెప్పాలి. రేపు చెబుతాను.

మార్చి 13, శుక్రవారం

చెప్పలేదు. క్లాసులు ఎక్కువగా ఉన్నాయి.

సాయంత్రం నేను వచ్చేసరికి ఆయన హాల్లో గోడ ముందు నిలబడి ఉన్నారు, చేతులు వెనక్కి కట్టుకుని.

"ఈ పక్షి ముక్కున్నది ఎవరు చేశారే?" అని అడిగారు.

మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయి చెప్పాను. పడవలు చేసే ఒకాయన పడవకు మిగిలిన చెక్కతో చేశాడని చెప్పాను. ఆ పక్కనున్నది ఒక పళ్ళ డాక్టరు తన పరికరాలతోనే చెక్కాడని చెబితే ఆయన నవ్వారు. ఎరుపూ పసుపూ చారలది, మధ్యలో చిల్లులు పొడిచింది, మూడు రెక్కలది, అన్నీ వరసగా అడిగారు. నేను చెబుతుంటే టీ చల్లారిపోయింది. ఆయనే మళ్ళీ వేడి చేసి తెచ్చారు.

ఈ గోడ ముందు నుంచి రోజుకు ఎన్నిసార్లు నడిచారో లెక్కలేదు. "నీ కర్రలు" తప్ప ఇంకో మాట అనలేదు ఎప్పుడూ.

ఇంత బాగా సాగుతున్న సాయంత్రాన్ని చెడగొట్టడం దేనికని ఊరుకున్నాను. ఆయన మంచికే.

మార్చి 14, శనివారం

చెప్పలేదు.

మార్చి 15, ఆదివారం

చెల్లి వచ్చింది. దానికి చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను.

"అయితే బావగారు ఏం చెడగొట్టలేదు. ఆ సంగతి నీకు బుధవారం నుంచి తెలుసు" అంది.

"తెలుసనుకో."

"ఆయన చెయ్యి పోయిందనుకుని షాపు వదిలేసుకుంటున్నారు. అదీ నీకు తెలుసు."

"చెబుతానే. సమయం చూసుకుని చెబుతాను."

"అక్కా, నువ్వు కోపంలో చెప్పకుండా ఉన్నావంటే అర్థం చేసుకుంటాను. నువ్వు సంతోషంగా ఉండి చెప్పడం లేదు."

దానికి చిన్నప్పటి నుంచీ నోటి దురుసు. ఆ షాపు అమ్మేస్తే ఆయనకు మాత్రం విశ్రాంతి వద్దా? మోకాళ్ళ నొప్పులు. పొద్దస్తమానం నిలబడి పని. నేను ఈ కోణంలో కూడా ఆలోచిస్తున్నాను, దానికేం తెలుసు?

మార్చి 16, సోమవారం

ఆయనకు మోకాళ్ళ నొప్పులు లేవు. అవి నాకు.

మార్చి 18, బుధవారం

ఈ రోజు చెప్పేద్దామనే షాపుకు వెళ్ళాను. "ఏమండీ, మీతో ఒక మాట" అని మొదలుపెట్టాను కూడా. ఆయన నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. బల్ల మీద కెటిల్ మరుగుతోంది. చుట్టూ ఫ్రేముల నుంచి మిగిలిన చెక్క ముక్కలు, ఒక్కొక్కటీ కొస దగ్గర ఆవిరి పట్టి వంచినవి. ఎంతసేపు పడితే ఎంత వంగుతుందో పెన్సిల్‌తో ముక్కల మీదే రాసుకున్నారు.

"షాపు ఇచ్చేసేలోపు నీ నీలాన్ని నేనే బాగుచేస్తాను. నా చేత్తో చెడింది నా చేత్తోనే బాగవ్వాలి. ఏదో మాట అన్నావు?"

"ఏం లేదు. అన్నానికి ఎన్నింటికి వస్తారని" అన్నాను.

ఛీ.

మార్చి 19, గురువారం

నేను క్లాసులో ఉండగా నీలానికి ఆవిరి పట్టేశారు.

"గోరంతే వంచాను, అంతకన్నా ధైర్యం చాలలేదు" అన్నారు. ఆ గోరంతా దేవుడి దయ. బల్ల మీద పెట్టి చూస్తే తేడా నా కంటికి ఆనలేదు.

రేపు పొద్దున ఆయన్ని మైదానానికి తీసుకెళ్ళి, ఎడమచేత్తో విసిరి చూపించి, అక్కడే మొత్తం చెప్పేస్తాను. ఇది ఖాయం.

మార్చి 20, శుక్రవారం

విసిరాను. వచ్చింది. పట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన గడ్డిలో కూర్చుని ఉన్నారు. ఏడుస్తున్నారు.

"సరిపోయిందే. నేను పెట్టిన వంపు సరిగ్గా సరిపోయింది" అన్నారు. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నారు. "తాళాల తమ్ముడికి వద్దని చెప్పేస్తాను. ఇవి ఇంకా పనికొస్తాయి."

నోరు తెరిచాను. కానీ ఇప్పుడు చెప్పాల్సిన అవసరమేముంది? షాపు నిలబడింది, నీలం ఎగిరింది, ఆయన కళ్ళలో నీళ్ళు సంతోషంవి. తప్పు చేసినవాళ్ళు ఎవరూ లేరు. నెత్తిన పాలు పోసినట్టైంది నాకు. పాటలు పాడుకుంటూ క్లాసుకు వెళ్ళాను. బ్యాంకు మేడమ్ కారును స్తంభానికి గీసినా ఏమీ అనలేదు.

మధ్యాహ్నం ఇంట్లో అడుగు పెట్టేసరికి వంటింట్లోంచి ఆవిరి. హాలు గోడ సగం ఖాళీగా ఉంది. పక్షి ముక్కుది, పళ్ళ డాక్టరుది, చారలది వంటింటి గట్టు మీద వరసగా పడుకుని ఉన్నాయి. ఆయన ఏప్రాను కట్టుకుని, మూడు రెక్కలదాన్ని కెటిల్ ముక్కు దగ్గరకు తీసుకెళుతున్నారు.

"ఇవన్నీ కూడా చదునుగానే ఉన్నాయే. పాపం ఒక్కటీ ఎగరదు. నువ్వొచ్చేలోపు అన్నిటికీ వంపు పెట్టేద్దామని."

"ఆగండి" అన్నాను. పక్కింటికి వినపడేలా అన్నాను. "నీలానికి ఎప్పుడూ ఏమీ కాలేదు. అది ఎడమచేతిది. నేను కుడిచేత్తో విసిరాను, అందుకే పడింది. మీరు చెడగొట్టలేదు. మీరు బాగుచెయ్యనూ లేదు. దాన్ని కింద పెట్టండి."

ఆయన స్టవ్ ఆపారు. మూడు రెక్కలదాన్ని గట్టు మీద పెట్టి, దాని మీద పడిన నీటి చుక్కను చొక్కా కొసతో తుడిచారు.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"పదకొండో తారీఖు నుంచి."

ఆయన ఏప్రాను విప్పి మడతపెట్టారు. నాలుగు మూలలూ కలిపి, చదునుగా.

"అంటే నేను గిన్నెలు కడుగుతున్నప్పుడు కూడా తెలుసు" అన్నారు.

"అవును."

"బట్టలు."

"అవును."

ఆయన బూమరాంగులన్నిటినీ ఎక్కడివి అక్కడ తగిలించి, చెప్పులు వేసుకుని షాపుకు వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆయనకు నాతో మాటల్లేవు. నా మాటల్లేవుకూ దీనికీ చాలా తేడా ఉంది. నాది ఉత్తుత్తి అలక. ఇది నిజంది.

మార్చి 21, శనివారం

పొద్దున టీ ఎవరిది వాళ్ళం పెట్టుకున్నాం.

ఈ రోజే తాళం చెవులు ఇచ్చే రోజు. ఇస్తున్నారో లేదో అడగడానికి నాకు ముఖం లేదు. క్లాసులన్నీ రద్దు చేసుకుని షాపుకు వెళ్ళాను. తాళాల ఆయన టేపు పట్టుకుని మధ్య గోడ కొలుస్తున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"తమ్ముడూ, ఇవ్వలేను. మాటిచ్చి తప్పుతున్నాను, తిట్టాలనుకుంటే తిట్టు" అన్నారు ఆయన.

"నువ్వివ్వవని తెలుసులే అన్నా. ఊరికే కొలుచుకుని సంతోషిద్దామని వచ్చాను" అని టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు తాళాల ఆయన. వెళ్తూ నా ముఖం చూసి పక్కకు జరిగాడు.

ఆయన అట్ట ముక్క తీసుకుని, స్కేలు పెట్టి, కత్తితో కోశారు. గీత దారం పట్టి లాగినట్టు వచ్చింది. నావైపు చూడకుండానే మాట్లాడారు.

"మౌంటు తప్పు కోసింది కళ్ళజోడు పాతబడి. నిన్న వెళ్ళి చూపించుకున్నాను. అది నాకు బాధ లేదు. తొమ్మిది రోజులు నేను నా చేతుల్ని చూసుకుని ఏడుస్తుంటే, నువ్వు పక్కనే కూర్చుని టీ తాగావు. ఆ బాధ ఎక్కడ పెట్టుకోమంటావు?"

డ్రైవింగ్ నేర్చుకునే వాళ్ళు గుద్దేశాక సవాలక్ష చెబుతారు. అడ్డం వచ్చిందనీ, బ్రేకు పడలేదనీ. నాకు అవన్నీ కంఠతా వచ్చు. అవన్నీ పక్కన పెట్టాను.

"మీరు మొదటిసారి నా గోడ చూశారు. తప్పు మీది కాదని చెబితే చూడడం మానేస్తారని భయం వేసింది" అన్నాను. "అది తప్పేనండీ. క్షమించండి."

ఆయన కత్తి ఆపారు.

"చూడమని అడగొచ్చు కదా."

"అడిగి చూపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది."

ఆయన మళ్ళీ స్కేలు అట్ట మీద పెట్టారు. నేను వచ్చేశాను.

మార్చి 22, ఆదివారం

ప్రదర్శనకు ఒక్కదాన్నే వెళ్ళాను. నీలం ఎగిరింది, వచ్చింది, బల్ల మీద చోటు దక్కించుకుంది. అందరూ మెచ్చుకున్నారు. సంఘం సెక్రటరీ విసిరినది తన బట్టతల మీదే దిగింది. మామూలుగా అయితే దీని గురించి రెండు పేజీలు రాసేదాన్ని.

సాయంత్రం ఇంటికొచ్చాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు. గిన్నెలు సింకులో అలాగే ఉన్నాయి. నేను కడిగాను. బట్టలు తీగ మీద అలాగే ఉన్నాయి. నేను తీశాను. నీలాన్ని దాని మేకుల మీద పెట్టి, ఈ డైరీ తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. ఆయన ఇక నాకు ఏమీ రుణపడి లేరు, నా గోడను చూడాల్సిన పనీ లేదు. అది రాసుకుందామనే పెన్ను తీశాను.

పేపరు మడతపెట్టిన చప్పుడైంది. కుర్చీ లాగిన చప్పుడైంది. తలెత్తి చూశాను. గోడకు ఎదురుగా కుర్చీ వేసుకుని, కొత్త కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. ఇంకా నావైపు తిరగలేదు. కోపం తగ్గలేదని మెడ చూస్తేనే తెలుస్తోంది.

"ఆ పైన మూల, చేప బొమ్మ ఉన్నది" అన్నారు. "దాని సంగతి నువ్వు చెప్పలేదు."